సంగీతం యాప్ గాంధారం తప్పంటోంది, టీచరు గారు ఒప్పంటున్నారు: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: అంబాజీపేట నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 11 ఏళ్లు. ఏడాదిన్నరగా రాజమహేంద్రవరంలో ఉండే టీచరు గారి దగ్గర వారానికి 2 రోజులు వీడియో కాల్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు పూర్తయ్యాయి; అలంకారాలు (తాళాలతో పాడే స్వర పాఠాలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడుతోంది. నాకు సంగీతం రాదు కనుక, మిగిలిన రోజుల్లో సాధకం చేయించడానికి, పాట విని మార్కులు వేసే కృత్రిమ మేధ యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టాను. పిల్ల ఎక్కడ తడబడితే అక్కడే మళ్లీ మళ్లీ పాడించి, బాగా వచ్చినచోట ముందుకు తీసుకెళ్లడం దాని పద్ధతి. మొదటి నెలలో నిజంగా మేలు జరిగింది. లయ కుదిరింది, ఎవరూ చెప్పకుండానే సాయంత్రం ఆరింటికి శ్రుతి పెట్టె ముందు కూర్చోవడం అలవాటైంది.

ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. మాయామాళవగౌళ రాగంలో గాంధారం (గ స్వరం) దగ్గరికి రాగానే యాప్ ఎర్ర గీత చూపించి స్వరం తగ్గిందంటుంది. అదే గాంధారాన్ని టీచరు గారు విని, చక్కగా ఉందన్నారు. మూడు వారాలుగా మా అమ్మాయి ఫోన్ దగ్గర ఒక గాంధారం, గురువు గారి దగ్గర ఇంకో గాంధారం పాడుతోంది. రెండోది, ఇక గీతాలు (స్వర పాఠాల తరవాత నేర్పే చిన్న పాటలు) మొదలుపెట్టవచ్చని యాప్ అంటోంది. అలంకారాలు మూడో కాలంలో రానిదే వద్దని టీచరు గారు అంటున్నారు. యాప్ తీసేయమంటారా?

సమాధానం: పాలకొల్లు నుంచి ఒక సంగీత ఉపాధ్యాయిని

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ పాప చెవి చాలా మంచిదనిపిస్తోంది. ఆ రాగంలో వచ్చేది అంతర గాంధారం, గ రకాల్లో ఒకటి. చాలా యాప్‌లు కీబోర్డు లాగా స్థాయిని, అంటే ఒక స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేసి, మొత్తాన్ని 1200 సెంట్లు అనే చిన్న కొలతలుగా లెక్కిస్తాయి. ఆ లెక్క ప్రకారం అంతర గాంధారం షడ్జమానికి (స) 400 సెంట్ల పైన ఉండాలి. కానీ తంబురాలో మంద్ర షడ్జమం తీగ మీటి, ఊపిరి బిగపట్టి వింటే, షడ్జమంలోంచే సన్నగా ఒక గాంధారం పైకి లేస్తుంది. దానినే మనవాళ్లు స్వయంభూ గాంధారం అంటారు. అది 386 సెంట్ల దగ్గర పలుకుతుంది. పాప ఐదు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స ఎత్తు) పాడుతుంటే షడ్జమానికి సెకనుకు 196 కంపనాలు ఉంటాయి. అప్పుడు మధ్య స్థాయిలో తంబురా ఇచ్చే గాంధారానికి 245, కీబోర్డు గాంధారానికి దాదాపు 247. ఆ రెండు కంపనాల తేడానే యాప్ ఎర్ర గీతగా చూపిస్తోందని నా అనుమానం. పాప శ్రుతిని విని పాడుతోంది, యాప్ కీబోర్డును చూసి దిద్దుతోంది.

ఒకసారి ఫోన్ పక్కన పెట్టి, తంబురా నాదం మాత్రం ఉంచి, గాంధారాన్ని అకారంతో నిలబెట్టి పాడమనండి. కాస్త పైకి పోతే నాదంలో అల లాంటి వణుకు వినిపిస్తుంది. సరైన చోటికి రాగానే ఆ వణుకు ఆగి, గొంతు తంబురాలో కలిసిపోతుంది. ఆ కలయికను పిల్ల ఒక్కసారి గుర్తుపడితే, ఇక ఎర్ర గీతకు భయపడదు. మార్కుల కోసం గాంధారాన్ని ఎక్కించే అలవాటు మాత్రం స్థిరపడనివ్వకండి. దాన్ని విడిపించడానికి నెలలు పడుతుంది.

ముందు ముందు ఇంతకంటే పెద్ద చిక్కు గమకాల దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పాడే చోట, వస్తుంది. తోడి రాగంలో సాధారణ గాంధారం (గ లో ఇంకో రకం) ఒకచోట కుదురుగా నిలవదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపే తోడి. తిన్నని గీతతో పోల్చి చూసే యంత్రానికి అది ప్రతిసారీ తప్పులాగే కనిపిస్తుంది. మూడో కాలం విషయంలో కూడా మీ టీచరు గారి మాటే సరైనది. 14 అక్షరాల (తాళం లెక్కల) ధ్రువ తాళంలో, అక్షరానికి నాలుగేసి స్వరాలు పలుకుతూ చెయ్యి తడబడకుండా తాళం వేయడం ఇప్పుడు రాకపోతే, గీతాల తరవాత వచ్చే వర్ణం అనే పెద్ద రచన దగ్గర స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

సమాధానం: భీమవరం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

యాప్ గీతాలకు ఎందుకు తొందరపడుతోందో నాకు తెలిసినంతలో చెబుతాను. ఇలాంటి బోధనా యాప్‌లలో చాలావాటి వెనక 1990లలో కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతి గానీ, దాని తరవాతి రూపాలు గానీ ఉంటాయి. ప్రతి నైపుణ్యానికీ, ఇది పిల్లకు వచ్చి ఉండే అవకాశం ఎంత అని ఒక అంకె పెట్టుకుంటాయి. సరిగ్గా చేసినప్పుడు అది పెరుగుతుంది, తప్పినప్పుడు తగ్గుతుంది, అదృష్టం కొద్దీ కుదిరిందా, పొరపాటున జారిందా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఆ అంకె 95 శాతం లాంటి ఒక గీత దాటగానే తరవాతి పాఠం తెరుచుకుంటుంది. మీ యాప్ నైపుణ్యాల పట్టికలో మూడో కాలం లేకపోయి ఉండవచ్చు. ఊపిరి ఎక్కడ తీసుకుంది, నోరు తెరిచి పాడిందా అనేవి అసలే ఉండవు.

అయినా యాప్ తీసేయవద్దని నా అభిప్రాయం. గురువు ఒక్కో విద్యార్థికి విడిగా చెబితే, సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాశారు. అంతటి శ్రద్ధ ప్రతి పిల్లకూ రోజూ దొరకదు కనుకనే ఇలాంటి సాధనాల మీద ఇంత ఆశ. కర్ణాటక సంగీతాన్ని కంప్యూటరుకు దాని పద్ధతిలోనే అర్థమయ్యేలా చేయాలని బార్సిలోనాలో షవియేర్ సెర్రా నాయకత్వంలో 2011లో కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన మొదలైంది. మన కచేరీల రికార్డింగులను సేకరించి వాటి మీదే పనిచేశారు. కనుక మార్గం లేకపోలేదు. మీ యాప్ సెట్టింగులలో స్వరం తేడాను ఎంతవరకు అనుమతించాలో మార్చే వీలుందేమో చూడండి. 20 సెంట్లకు పెంచితే ఆ గాంధారం ఒప్పు అవుతుంది. టీచరు గారి గొంతునే నమూనాగా పెట్టే వీలుంటే అంతకంటే మేలు.

సమాధానం: రాజోలు దగ్గరి నుంచి ఒక తండ్రి

మా అబ్బాయి వయొలిన్ ఇలాగే నేర్చుకుంటున్నాడు. వీడియో కాల్‌లో చప్పుడును అణిచే ఏర్పాటు తంబురాను కూడా చప్పుడనుకొని మింగేస్తుంది. దాన్ని ఆపేశాకే గురువు గారికి మావాడి శ్రుతి సరిగ్గా వినిపించింది. మరో మాట. మాకు దగ్గరలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగేసి స్వరాలతోనే మహతి, లవంగి రాగాలను సృష్టించారు. అంతవరకూ విన్నవాటితో మాత్రమే పోల్చే యంత్రం ఆ రోజు మార్కులు వేసి ఉంటే ఏమనేదో ఆలోచించండి.

ప్రశ్న అడిగిన తల్లి, 10 రోజుల తరవాత

అందరికీ కృతజ్ఞతలు. తంబురాతో గాంధారం నిలబెట్టి పాడించాను. నాలుగో రోజు అమ్మాయే, "అమ్మా, ఇప్పుడు నా గొంతు నాకే వినపడటం లేదు" అంది. టీచరు గారికి చెబితే అదే సరైన చోటు అన్నారు. యాప్‌లో తేడాను 20 సెంట్లకు పెంచాక ఎర్ర గీత పోయింది. ఇప్పుడు ఏ రోజు ఏ పాఠం సాధకం చేయాలో టీచరు గారు ఆదివారం రాసి పంపుతున్నారు, యాప్‌లో అవి మాత్రమే తెరుస్తున్నాను. ధ్రువ తాళం మూడో కాలం నిన్న మొదలైంది. గీతాల పాఠం తనంతట తాను తెరుచుకోకుండా ఆపడం ఎలాగో మాత్రం నాకు దొరకలేదు, తెలిసినవారు చెప్పగలరు.