ఓడకి "రెండు వంతెనలు" అని రాయొచ్చా?

బొబ్బిలి మాస్టారు:
ఇంగ్లీషు "బ్రిడ్జి"ని వంతెన చేసేసిన ఒక అనువాదంలో వచ్చిన వాక్యం ఇది: "బ్రిటన్ విమానవాహక నౌక క్వీన్ ఎలిజబెత్‌కు రెండు వంతెనలున్నాయి." వ్యాకరణంలో దోషం లేదు, అర్థమే పట్టుబడటం లేదు. శ్రీకాకుళంలో వంతెన అంటే నాగావళి మీద ఉన్నది. ఓడ మీది వంతెన దేన్ని దాటిస్తుంది? "నౌకా సారథ్య వేదిక" అన్న మాట తోచింది గానీ నోటికి బరువు. "చుక్కాని గది" సరిపోతుందా? ఒకే ఓడకి రెండెందుకో ఎవరైనా విడమరిచి చెబితే మాట వెతకడం తేలికవుతుంది.

కళింగపట్నం:
ఆ పేరు మొదట నిజం వంతెనకే పెట్టారు మాస్టారూ. 19వ శతాబ్దపు పొగ ఓడలకి ఇటొకటి, అటొకటి పెద్ద తెడ్ల చక్రాలుండేవి. చక్రాల మీద మనిషికంటే ఎత్తయిన కప్పులు. వెనక చుక్కాని దగ్గర నిలబడ్డవాడికి ఆ కప్పులు అడ్డొచ్చి ముందు సముద్రం కనబడేది కాదు. అందుకని ఈ కప్పు మీంచి ఆ కప్పు మీదకి ఓడకి అడ్డంగా ఒక నడవ వేశారు. కెప్టెన్ దాని మీద నిలబడి చూసి, చుక్కాని పట్టినవాడికీ ఇంజను దగ్గరివాళ్ళకీ ఆజ్ఞలిచ్చేవాడు. తర్వాత నీటి అడుగున తిరిగే ప్రొపెల్లర్ వచ్చింది, చక్రాలూ కప్పులూ పోయాయి. నడవకి గోడలు, అద్దాలు వచ్చి గది అయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషువాళ్ళకే ఆ మాట వింటే ఇప్పుడు వంతెన గుర్తుకు రాదు. మనం దాన్ని తవ్వి తీసి తెలుగు పాఠకుడి నెత్తిన పెట్టడం దేనికి?

"చుక్కాని గది" మాత్రం వద్దండి. ఆ పేరుకి హక్కున్న గది వేరే ఉంది. ఓడ వెనక కొసన, డెక్ కింద, చుక్కానిని తిప్పే హైడ్రాలిక్ యంత్రం ఉండే గది అది. బ్రిడ్జి మీది స్టీరింగు పలకకపోతే మనుషులు అక్కడికి దిగి, ఫోనులో చెప్పిన డిగ్రీలు విని, యంత్రం దగ్గరే చుక్కాని తిప్పుతారు. ఓడల భద్రతకి దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సోలాస్ నిబంధనల ప్రకారం 3 నెలలకి ఒకసారైనా ఈ కసరత్తు చేసి తీరాలి. రెండు చోట్లకీ ఒకే పేరు పెట్టి, "చుక్కాని గదికి పరుగెత్తు" అని రాస్తే ఆ మనిషి పైకెక్కాలా, కిందికి దిగాలా?

సోంపేట:
రెండు ఎందుకన్నదానికి ఒక్క జవాబు లేదు. ఓడని బట్టి కారణం మారిపోతాది.

ముందు మీ వాక్యంలోని ఓడ సంగతి. క్వీన్ ఎలిజబెత్ పొడవు సుమారు 280 మీటర్లు, 2017లో బ్రిటిష్ నేవీలో చేరింది. దాని కుడి అంచున డెక్ మీద రెండు కట్టడాలున్నాయి. ముందుదాంట్లోంచి ఓడని నడుపుతారు. వెనకదాంట్లోంచి విమానాలు ఎగరడం, దిగడం చూసుకుంటారు. విమానం వెనక వైపునుంచి వచ్చి దిగుతాది గనక ఆ పని చూసేవాళ్ళు వెనక ఉంటేనే కన్ను ఆనుద్ది. ఓడ నడిపేవాడికి ముందు నీళ్ళు కనబడాలి గనక అతను ముందుండాలి. ఒకే కట్టడమైతే ఇద్దరిలో ఒకరు సర్దుకోవాలి. ఇంకో పెద్ద కారణం కింద ఉంది. ఆ ఓడకి రెండు గ్యాస్ టర్బైన్లు. రెండింటినీ ఒకే చోట పెడితే ఒక్క దెబ్బకి రెండూ పోతాయని దూరదూరంగా పెట్టారు. గ్యాస్ టర్బైనుకి గాలి లోపలికి తెచ్చే గొట్టం, పొగ బయటికి పంపే గొట్టం రెండూ చాలా వెడల్పు. యంత్రాలు రెండు చోట్ల ఉంటే గొట్టాలూ రెండు చోట్ల పైకి రావాలి. వాటిని అడ్డంగా తిప్పి ఒక చోటికి చేరిస్తే కింద విమానాలు నిలిపే చోటు పోద్ది. అందుకే పైన కట్టడాలు రెండయ్యాయి. రాడార్లు కూడా ఒకదానికొకటి అడ్డు రాకుండా విడివిడిగా పెట్టుకోడానికి వీలు దొరికింది. ఒకటి దెబ్బ తింటే రెండోదాంట్లోంచి పని నడిపించుకోవచ్చు. మన విక్రాంత్‌కి, 2022లో కొచ్చిలో నేవీకి అప్పగించినదానికి, కట్టడం ఒక్కటే.

ఈ కట్టడాన్ని ఇంగ్లీషులో "ఐలాండ్" అంటారు. దయచేసి "దీవి" అని రాయకండి. వంతెన, దీవి రెండూ ఒక వాక్యంలో పడితే అది ఓడ గురించో గోదావరి లంకల గురించో తెలీదు.

పెద్ద కంటైనర్ ఓడల ఫొటోలు చూసి కూడా "రెండు బ్రిడ్జిలు" అని రాసేస్తున్నారు. అది తప్పు. 400 మీటర్ల ఓడకి బ్రిడ్జి వెనకుంటే ఎదుట పేర్చిన పెట్టెలు చూపుని మింగేస్తాయి. ఓడ ముక్కుకి ముందు కనబడని నీళ్ళు ఓడ పొడవుకి రెండింతలుగాని 500 మీటర్లుగాని, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదని నిబంధన. 200 మీటర్ల ఓడకి 400, 400 మీటర్ల ఓడకి 500. అందుకని బ్రిడ్జిని ముందుకి జరిపి, ఇంజను, పొగగొట్టం వెనకే ఉంచేశారు. కట్టడాలు రెండు, బ్రిడ్జి ఒకటే.

చీపురుపల్లి:
రెండు కొసలా బ్రిడ్జి ఉండే ఫెర్రీల సంగతి కూడా చెప్పండి. సిడ్నీలో, న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ దగ్గర ఉన్నవి అవే కదా?

సోంపేట:
అవే. రేవుకొచ్చిన ఫెర్రీ వెనక్కి తిరగాలంటే టైమూ కావాలి, చోటూ కావాలి. అందుకని రెండు కొసలూ ముక్కులే. కెప్టెన్ ఈ గదిలోంచి ఆ గదికి నడిచి వెళ్తాడు, అంతే. కానీ ఆ నడకతో పాటు మారవలసినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు ముందు కొస అయిన వైపు చుక్కాని ఉంటే దాన్ని నిటారుగా బిగించెయ్యాలి. బిగించకపోతే ఎదురునీరు దాన్ని పక్కకి లాగి ఓడని వంకర తిప్పేస్తాది. రాత్రయితే దీపాలు కూడా మార్చాలి. ఇంతసేపూ ఎరుపు వెలిగిన పక్కని ఇక పచ్చ వెలగాలి, ఎందుకంటే ఓడకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ. అది మర్చిపోతే ఎదురొచ్చే పడవకి ఇది వెళ్ళిపోతున్నట్టు కనబడుద్ది.

రాజాం:
ఈ ఎడమ కుడి దగ్గరే అనువాదాలు బోల్తా పడుతున్నాయి. సముద్రంలోని నూనె బావులకి సామాను మోసే ఓడల్లో బ్రిడ్జి ముందుంటుంది, సామాను డెక్ వెనక. బావి దగ్గర ఓడ తన వెనక భాగాన్ని ప్లాట్‌ఫారం వైపు పెట్టి నిలబడాలి. అందుకని ఆ బ్రిడ్జిలోనే వెనక్కి చూసే రెండో నియంత్రణ బల్ల ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడి ఎడమ చెయ్యి ఓడకి కుడి పక్క. ఓడ ఎడమ పక్కని ఇంగ్లీషులో "పోర్టు" అంటారు, కుడి పక్కని "స్టార్‌బోర్డు". "పోర్టు" అన్నదాన్ని ఉత్త "ఎడమ" అని రాస్తే ఎవరి ఎడమ? "పోర్టు" అనే ఉంచేస్తే మన పాఠకుడు మూలపేట పోర్టు అనుకుంటాడు.

మనకి దీనికి అచ్చమైన మాటలున్నాయి: దాపల, వలపల. కాడికి కట్టిన ఎడ్లలో ఎడమది దాపలెద్దు, కుడిది వలపలెద్దు. రైతు ఎదురొచ్చి నిలబడినా దాపలెద్దు దాపలెద్దే. అది చూసేవాడి ఎడమ కాదు, కాడి ఎడమ. "పోర్టు", "స్టార్‌బోర్డు" చెప్పేది అచ్చంగా ఇదే. ఓడ దాపల పక్క, ఓడ వలపల పక్క. సోంపేట వారు చెప్పిన రెండు కొసల ఫెర్రీలో మాత్రం ముక్కే మారిపోతుంది గనక దాపల, వలపల కూడా తారుమారవుతాయి. సామాను ఓడ వెనక్కి నడిచినా మారవు.

బొబ్బిలి మాస్టారు:
దాపల, వలపల నాకు తట్టనే లేదు, ఎంత బాగా అతికాయి! ఒక్క సందేహం: రెండు చోట్ల నుంచి నడపగలిగితే ఒకేసారి ఇద్దరూ తిప్పితే ఏమవుతుంది?

సోంపేట:
ఒక సమయంలో ఒక చోటే పని చేసేలా కట్టడి ఉంటుంది. చేతులు మార్చే పద్ధతి ఇలాగ. వేగం తగ్గించాలి, ఆటోపైలట్ తీసెయ్యాలి, చుక్కాని నిటారుగా తేవాలి. ఇక్కడి లీవర్లు, అక్కడి లీవర్లు రెండూ సున్నా దగ్గర ఉన్నాయని నోటితో చెప్పుకోవాలి. ఇచ్చేవాడు "ఇచ్చాను" అనాలి, తీసుకునేవాడు బటన్ నొక్కి, దీపం వెలిగిందని చూసి "తీసుకున్నాను" అనాలి. ఆ తర్వాత చుక్కాని, ఇంజను ఒక్కొక్కటీ కొంచెం కదిపి చూడాలి. అక్కడి లీవరు సున్నా మీద లేకపోతే కొన్ని ఓడల్లో తీసుకున్న మరుక్షణం ఓడ ఉరుకుద్ది.

బ్రిడ్జిలెన్నని లెక్కపెడితే ప్రమాదం కనబడదు. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర ఢీకొన్న అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్‌కి ఉన్నది ఒకే బ్రిడ్జి. అందులో పక్కపక్క బల్లలు. స్టీరింగు ఒకరి దగ్గర ఉంచి వేగం పక్కవాడికి ఇమ్మంటే స్టీరింగు కూడా పక్క బల్లకి పోయింది, పోయిందని ఎవరూ గుర్తించలేదు. చుక్కాని చెడిపోయిందనుకున్నారు. వేగం తగ్గించబోతే ప్రొపెల్లర్లని తిప్పే రెండు ఇరుసుల్లో దాపల పక్కది ఒక్కటే తగ్గింది, ఓడ దాపలికి తిరిగి ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకర్‌కి అడ్డంగా వెళ్ళింది. పదిమంది నావికులు చనిపోయారు.

కళింగపట్నం:
అయితే మాట దొరికినట్టే. అప్పగించేది పగ్గాలు. "నియంత్రణను బదిలీ చేయుట" అని రాసేచోట "పగ్గాలు అప్పగించడం", "పగ్గాలు అందుకోవడం" అని రాయండి. ఆ చోటు పేరు "బ్రిడ్జి" అనే ఉండనివ్వండి, షిప్పుల మీద పనిచేసే మనవాళ్ళందరూ అనేది అదే. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం "ఓడని నడిపించే గది" అని ఒక్క ముక్క కలపండి.

బొబ్బిలి మాస్టారు:
సవరించిన వాక్యం: "క్వీన్ ఎలిజబెత్ డెక్ మీద రెండు కట్టడాలున్నాయి. ముందుదానిలో బ్రిడ్జి, అంటే ఓడని నడిపించే గది. వెనకదానిలో విమానాల రాకపోకలు చూసే గది. ఒకటి దెబ్బతింటే రెండోదానిలోని వారు పగ్గాలు అందుకుంటారు."

చీపురుపల్లి:
బ్రిడ్జికి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి, రేవుకి ఆనించేటప్పుడు నిలబడే చోటుని "రెక్కలు" అనొచ్చా?

రాజాం:
తలుపుకి రెక్కలున్నాయి గనక అనొచ్చు. పైకప్పు లేకుండా తెరిచి ఉంటే రెక్క. అద్దాలతో మూసేసి లోపల లీవర్లు పెట్టినదైతే నాకు "వసారా" నచ్చుతుంది.

కళింగపట్నం:
వసారాకి చూరు ఉంటుంది, గోడలుండవు కదండీ. మూసేసినదైనా రెక్కే అనండి.