పతకాలు గెలిచినవారే మంచి శిక్షకులవుతారా?

ప్రశ్న (అనంతపురం): ఇంటర్ చదువుతున్న మా తమ్ముడు 5,000 మీటర్ల పరుగుకు సాధన చేస్తున్నాడు. స్వయంగా పతకాలు గెలిచినవారి దగ్గరే వాణ్ణి చేర్పించాలని నాన్నగారు పట్టుబడుతున్నారు. ఇది సరైన కొలమానమేనా, పెద్దలు చెప్పగలరు.

జవాబు (కర్నూలు): కెన్యాకు చెందిన పాట్రిక్ సాంగ్ గారి జీవితాన్ని చూడండి. ఆయన 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ సాగే పరుగులో) రజతం గెలిచారు. 1991, 1993 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ రజతమే దక్కింది. అయితే పొరుగింటి కుర్రవాడు ఎలియుడ్ కిప్చోగే సాధన పద్ధతి రాసిమ్మని అడిగినప్పుడు ఆయన విసుక్కోకుండా రాసిచ్చారు, ఆ కుర్రవాడు మళ్లీ మళ్లీ వచ్చాడు. అతడే 2003లో పారిస్‌లో 5,000 మీటర్ల ప్రపంచ విజేతగా నిలిచి, ఆపై 2016 రియో ఒలింపిక్స్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ మారథాన్ స్వర్ణాలు సాధించాడు. గురువుగారు పతకాలు గెలిచింది స్టీపుల్‌ఛేజ్‌లో, శిష్యుడు శిఖరానికి చేరింది మారథాన్‌లో అన్న సంగతి మీ నాన్నగారికి తప్పక చెప్పండి. నా దృష్టిలో పతకం కన్నా ఆ ఓపికే గొప్ప అర్హత.

జవాబు (కడప): పై మాటతో ఏకీభవిస్తున్నాను. కాకపోతే వారి సాధనా కేంద్రమున్న కెన్యాలోని కప్తగత్ సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున, చల్లని ప్రాంతంలో ఉంది కనుక, అక్కడి సాధన పట్టికను మన సీమ ఎండల్లో యథాతథంగా అమలు చేస్తే పిల్లవాడు దెబ్బతింటాడు. వేసవిలో తెల్లవారకముందే పరుగు ముగించే శిక్షకుణ్ణి, వారంలో ఎక్కువ రోజులు నెమ్మదిగా పరిగెత్తించేవారిని వెతకండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. ఈ ఆదివారం నాన్నగారిని వెంటబెట్టుకొని మైదానానికి వెళ్లి, అక్కడి శిక్షకులు పిల్లలతో ఎలా మెలుగుతున్నారో చూసి వస్తాము.