గ్రెనడా 1983: పిలిస్తే వచ్చారా, చొరబడ్డారా?

అంతర్జాతీయ చట్టం తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. కరీబియన్ ద్వీపదేశం గ్రెనడాలో 1979 మార్చిలో ప్రధాని గెయిరీని దించి గద్దెనెక్కిన మారిస్ బిషప్‌ను, 1983 అక్టోబర్ 19న సొంత విప్లవ సైన్యమే కోటలో గోడకు నిలబెట్టి కాల్చేసింది. శవం కూడా ఇంట్లోవాళ్లకు దక్కలేదు. ఆరు రోజులకే అమెరికా సైన్యం దిగింది. అక్కడ బ్రిటన్ రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ పాల్ స్కూన్, పక్క ద్వీపాలు పిలిస్తేనే వచ్చామంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 108-9 ఓట్లతో తప్పుపట్టింది. విచిత్రమేంటంటే, గ్రెనడాలో మాత్రం ఆ సైన్యం దిగిన అక్టోబర్ 25ను థాంక్స్‌గివింగ్ డే అని సెలవుగా పెట్టుకున్నారు!

బ్రిటన్ రాణి ప్రతినిధి పిలుపు చట్టప్రకారం చెల్లుతుందా? ఆ నవంబర్‌లో ఢిల్లీలోనే కామన్వెల్త్ సమావేశం జరిగింది కదా, అప్పటి తెలుగు పేపర్ కటింగులు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి పెడతారా?