1998 మారుతి 800 కింద ఆయిల్ చుక్కలు: సీల్ మార్చాలా, మందు పోస్తే చాలా?

పాతబండి: 796 సీసీ, కార్బ్యురేటర్ మోడల్. తెల్లారేసరికి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట ఉండే బెల్ హౌసింగ్ కింద నాలుగైదు చుక్కలు. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ ఆపే సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలంటున్నాడు మెకానిక్. లీక్ ఆపే మందు పోస్తే సరిపోదా?

పదోనంబర్‌స్పానర్: దించే ముందు పైనుంచి చూడండి. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ దగ్గరో, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్ దగ్గరో కారిన ఆయిల్ కూడా జారి అక్కడికే చేరుతుంది. ఇంజిన్ చల్లారాక డిస్ట్రిబ్యూటర్‌కి, ఆల్టర్నేటర్‌కి కవర్ చుట్టి, డీగ్రీజర్‌తో రుద్ది కడగండి. ఆరాక టాల్కం పౌడర్ చల్లి 20 కిలోమీటర్లు తిప్పండి. తడి అన్నిటికన్నా పైన ఎక్కడ కనిపిస్తే లీక్ అక్కడే. ఘాటుగా గంధకం వాసన వస్తే అది ఇంజిన్ ఆయిల్ కాదు, గేర్ ఆయిల్.

గేరుపెట్టె: ట్యాపెట్ కవర్ అయితే అనాబాండ్ గమ్ము రాసి బిగించెయ్యి. దీనికింత రామాయణమా?

పదోనంబర్‌స్పానర్: రబ్బరు ప్యాకింగ్‌కి చుట్టూ పూస్తే బిగించేటప్పుడు జారి పక్కకి తన్నుకొస్తుంది. లోపల ఊడిన ముక్కలు కింద ఆయిల్ చాంబర్‌లో పంపు పీల్చే జాలీకి అడ్డంపడితే ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి.

గేరుపెట్టె: ఊళ్లో ప్రతి షెడ్డులోనూ అదే పూస్తారు. అందరి బేరింగులూ పోయాయా?

ఆయిల్‌మరక: ఇంజిన్ లోపలి గాలి వదిలే బ్రీదర్ గొట్టం చూశారా?

పదోనంబర్‌స్పానర్: మంచి మాట. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి కొత్త సీలు కూడా కారుతుంది. గొట్టం బాగానే ఉండి, ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గట్టిగా తన్నుతుంటే మాత్రం పిస్టన్ రింగులు అరిగినట్టే.

పాతబండి: మందు సంగతి ఎవరూ చెప్పరేం?

పదోనంబర్‌స్పానర్: గట్టిపడ్డ రబ్బరు సీల్‌ని కొంచెం ఉబ్బిస్తుంది, అంతే. పెదవి (షాఫ్ట్‌ని తాకే అంచు) అరిగిపోయిన సీల్‌కి, కార్క్ ప్యాకింగ్‌కి పనిచేయదు. మోతాదు మించితే బాగున్న సీళ్లూ మెత్తబడతాయి.

గేరుపెట్టె: నెలరోజులు ఆగితే చాలదా ఆయనకి? అమ్మేసే బండేగా.

పదోనంబర్‌స్పానర్: ఓహో! బాగుచేయడానికి కాదన్నమాట, దాచడానికి!

పాతబండి: మాటలు జాగ్రత్త సార్. బండికి వచ్చేదే 30 వేలు. గేర్‌బాక్స్ దించిన ఖర్చు కొనేవాడిస్తాడా?

పదోనంబర్‌స్పానర్: లీక్ చూపించి ధర తగ్గించండి. ఆ ఆయిల్ క్లచ్ ప్లేట్‌కి తగిలితే ఎత్తు మీద ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఘాట్‌లో ఇరుక్కునేది కొన్నవాడు.

గేరుపెట్టె: కొనేవాడు మెకానిక్‌ని తెచ్చుకోడా? లోకం తెలీదా మీకు?

ఆయిల్‌మరక: ఒకవేళ గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే వేయించండి. కూలి ఒక్కసారే.

గేరుపెట్టె: అనాబాండ్ మీద నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.