ట్యాంక్ బండ్‌లో ‘ట్యాంక్’ ఎవరి మాట?

కట్టమీద నడక
నిన్న సాయంత్రం పాపతో బండి మీద వస్తున్నా. హుస్సేన్ సాగర్ ఒడ్డున పెట్టిన ప్యాటన్ యుద్ధ ట్యాంకు చూసి, "నాన్నా, ఇది ఉందనేనా ట్యాంక్ బండ్ అంటారు?" అని అడిగింది. కాదమ్మా, ట్యాంక్ అంటే చెరువు, బండ్ అంటే కట్ట అన్నాను. "మరి మన డాబా మీదుండే ట్యాంకో?" అంది. సమాధానం తోచలేదు. రాత్రి కూర్చుని చదివితే రెండు వాదాలు కనిపించాయి. గుజరాతీ ‘టాంకు’, మరాఠీ ‘టాకె’ నుంచి ఇంగ్లీషులోకి పోయిందని ఒకటి, పోర్చుగీసు ‘టాంకె’ నుంచి వచ్చిందని ఇంకొకటి. నేను మొదటిదే నమ్ముతున్నాను. రాజస్థాన్‌లో వాననీళ్లు పట్టుకోవడానికి భూమిలో కట్టుకునే తొట్టిని ఇప్పటికీ టాంకా అనే అంటారు. మీరేమంటారు?

పదాల పిచ్చి
పోర్చుగీసే సార్. ప్రవాహాన్ని ఆపడం అనే అర్థమున్న ‘ఎస్టాంకార్’ నుంచి ‘ఎస్టాంకె’, దాని తల తెగి ‘టాంకె’. 1498లో వాస్కోడగామా వెంట కాలికట్‌లో దిగినవాళ్ల దినచర్యలోనే అక్కడి పెద్ద కోనేటికి ఈ మాట వాడారు. ఓడ దిగిన నాలుగు రోజులకే గుజరాతీ మాట పట్టుకున్నారంటే ఎలా నమ్మాలి?

వరంగల్ బిడ్డ
అంత దూరం ఎందుకు? మన తటాకమే ట్యాంక్ అయ్యి ఉంటుంది.

పదాల పిచ్చి
రెండు మాటలు వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదు అన్నా. మధ్యలో ‘ట’ ఎటు పోయింది, ‘ఙ’ ఎక్కడి నుంచి వచ్చింది, అది చెప్పాలి కదా.

కట్టమీద నడక
తటాకం సంగతి ఒప్పుకుంటా. కానీ గుజరాతీని అంత తేలిగ్గా తీసేయకండి. ఇంగ్లీషువాళ్లు 1611లోనే మన మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టారు, అంటే చెరువు అనే మాట వాళ్ల చెవిన పడే ఉంటుంది. అయినా వాళ్ల నోట నిలిచింది ట్యాంకే. సూరత్‌లో గుజరాతీల నోటా అదే, పడమటి తీరమంతా పోర్చుగీసువాళ్ల నోటా అదే. రెండు వైపుల నుంచీ వినబట్టే గట్టిపడిందని నా నమ్మకం.

ఫిరంగి
పాప అడిగిన యుద్ధం ట్యాంకుకు తిన్నగా నీళ్ల ట్యాంకు నుంచే పేరు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ బండ్లను గుట్టుగా తయారు చేసింది. లోపల ఏం కడుతున్నారో బయటికి పొక్కకుండా, నీళ్లు మోసే ట్యాంకులని చెప్పారు. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర అవి యుద్ధంలోకి దిగాయి. గుట్టు రట్టయింది, పేరు మాత్రం మారలేదు.

మత్తడి
ఇవన్నీ మీకు చదువుకునే ముచ్చట్లు. ఈ ఒక్క మాటకు నేను కట్టిన మూల్యం చెప్తా. నగర శివారులో ప్లాటు కొన్నాం. ఇంగ్లీషులో రాసిన కాగితంలో హద్దుల దగ్గర ‘ఉత్తరం: ట్యాంక్’ అని ఉంది. కాలనీకి నీళ్లిచ్చే ట్యాంకు కడతారేమో, నీళ్ల టెన్షన్ ఉండదు అనుకున్నాం. చూడబోయింది ఎండాకాలం. అటువైపు తుమ్మచెట్లు, పగుళ్లిచ్చిన నల్లమట్టి, నాలుగు బర్రెలు. రెండో వానాకాలం మోకాలి లోతు నీళ్లలో నిలబడి పునాది రాళ్లు వెతుక్కున్నాను. పక్క ఊరి పెద్దాయన వచ్చి, "ఇది శిఖం బిడ్డా, మత్తడి దుంకితే నీళ్లు ఇట్లనే వస్తయి" అన్నాడు. శిఖం అంటే చెరువు నిండితే మునిగే నేల, మత్తడి అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు. ఆ కాగితంలో ‘చెరువు’ అని తెలుగులో ఒక్క మాట ఉంటే నేను అడ్వాన్సు ఇచ్చేవాణ్నే కాదు. అందుకే ట్యాంక్ ఏ దేశపు మాటో నాకు పట్టదు. మన నేల కాగితాల్లో చెరువును చెరువు అనే రాయాలి.

పదాల పిచ్చి
మీ బాధ అర్థమైంది. కానీ తప్పు మాటది కాదు. దక్షిణ భారతంలో నీటిపారుదల రాతల్లో ట్యాంక్ అంటే చెరువే, ఆ అర్థం వందల ఏళ్లుగా ఉంది. మీకు అమ్మినవాళ్లకు అది తెలుసు, మీకు తెలియదని కూడా తెలుసు.

మత్తడి
వాళ్లకు తెలిసి నాకు తెలియని మాట నా కాగితంలో ఎందుకుండాలి? నేనడిగేది అదే.

కట్టమీద నడక
దీనికి నా దగ్గర ఎదురు లేదు. శిఖం, మత్తడి, తూము అనే మాటలు తెలిసి ఉంటే ఆ ఎండిన నేలను చూసినా చెరువని పట్టేసేవాళ్లం. ఆ మాటలు పాపకు నేనే ఇంతవరకు చెప్పలేదు.

దోమలగూడ
నాకు అరవై దాటాయి. హుస్సేన్ సాగర్ తవ్వింది 1560లలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో. అప్పటికి ఇంగ్లీషువాళ్లు ఇక్కడ అడుగే పెట్టలేదు. ‘బండ్’ కూడా పారసీ ‘బంద్’. మా అమ్మ ఎన్నడూ ట్యాంక్ బండ్ అనలేదు. "కట్ట మీదికెళ్లి పోదాం" అనేది. బోనం ఎత్తుకుని పోయింది కట్ట మైసమ్మ గుడికే.