కొండదారుల్లో పరుగెత్తేవారికి కోర్ వ్యాయామాలు నిజంగా ఉపయోగపడుతున్నాయా? (చర్చావేదికలో ప్రశ్న, జవాబులు; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

ఎగువదారి

మూడేళ్లుగా కొండదారుల్లో పరుగెత్తుతున్నాను. సమతలమైన రోడ్డు మీద 20 కిలోమీటర్లు పరుగెత్తినా నాకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ 800 మీటర్ల ఎత్తు ఎక్కి దిగవలసిన దారిలో చివరి గంటకు చేరేసరికి నడుము దగ్గర ముందుకు ఒంగిపోతున్నాను, ఊపిరి పైపైనే ఆడుతోంది, దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో నా అదుపులో ఉండడం లేదు. కోర్ (నడుము, పొట్ట చుట్టూ ఉండే కండరాలు) బలహీనంగా ఉందనీ, రోజూ ప్లాంక్ (మోచేతులూ పాదాలూ ఆనించి బోర్లా కదలకుండా నిలవడం) చేయమనీ తోటి రన్నర్లు చెప్పారు. నాలుగు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా చేసి, 40 సెకన్ల నుంచి 3 నిమిషాలకు చేరుకున్నాను. అయినా కొండ మీద చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. లోపం ఎంచుకున్న వ్యాయామంలో ఉందా, నేను చేసిన తీరులో ఉందా, లేక కోర్ గురించి అందరూ ఉన్నదానికంటే ఎక్కువ చెబుతున్నారా? మీరు ఏం చేశారో, ఎన్నాళ్లకు ఏం మారిందో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

తొలిమలుపు

మీరు రాసిన లక్షణాలన్నీ రెండేళ్ల క్రితం నాకూ ఉండేవి. అప్పట్లో నేను చేసిన కోర్ వ్యాయామమంటే క్రంచెస్ మాత్రమే, వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకి లేపడం. పొట్ట ముందుభాగం గట్టిపడింది గానీ పరుగులో ఏమీ మారలేదు. ఒకసారి దిగుడు దారిలో స్నేహితుడు వెనక నుంచి వీడియో తీశాడు. కుడికాలు నేలమీద ఆనిన ప్రతిసారీ ఎడమవైపు తుంటి కిందికి జారుతోంది, దాన్ని సరిచేయడానికి నడుము పైభాగం కుడివైపుకు ఒరుగుతోంది. పరుగులో ఎప్పుడూ ఒక్క కాలి మీదే ఉంటామన్న మామూలు విషయం ఆ వీడియో చూసేదాకా నాకు తట్టలేదు. రెండు మోచేతులూ రెండు పాదాలూ నేలకు ఆనించి చేసే ప్లాంక్‌లో అసలు ఆ పరిస్థితే రాదు కదా.

అప్పటినుంచి సైడ్ ప్లాంక్ (ఒక పక్కకు తిరిగి ఒక మోచేతి మీదా పాదం మీదా శరీరాన్ని నిలపడం), తుంటి దగ్గర వంగి బరువు లేపుతూ ఒంటికాలి మీద చేసే డెడ్‌లిఫ్ట్, ఒక చేత్తోనే బరువు పట్టుకుని నడవడం, ఈ మూడూ వారానికి రెండుసార్లు చేశాను. ఆరు వారాల వరకూ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత దిగుడు దారుల్లో మోకాలి బయటివైపు వచ్చే నొప్పి తగ్గుతూ వచ్చి, మూడో నెలకు పూర్తిగా పోయింది. ఎక్కే వేగం మాత్రం అప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే.

మెట్టవాలు

నేను ఒప్పుకోలేను, అయితే ఎవరి అనుభవాన్నీ కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. నా విషయంలో తేడా తెచ్చినది కాళ్ల బలం. ఎత్తు ఎక్కేటప్పుడు శరీర బరువును ప్రతి అడుగులోనూ పైకి మోసేది పిరుదులు, తొడలు, పిక్కల కండరాలు. అవి అలసిపోయినప్పుడు మనిషి నడుము ఒంచుకుంటాడు. ఒంగడం చూసి కోర్ బలహీనమని తేల్చేస్తే అసలు కారణం పక్కకు పోతుంది.

పరిశోధనలు కూడా ఒక్క మాట మీద లేవు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు వారాల పాటు స్విస్ బాల్ (గాలి నింపిన పెద్ద వ్యాయామ బంతి) మీద శిక్షణ పొందినవారికి కోర్ స్థిరత్వం పెరిగింది గానీ, పరుగుకు ఖర్చయ్యే శక్తిలో గానీ, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో గానీ మార్పు రాలేదు. 2009లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఆరు వారాల కోర్ శిక్షణ తర్వాత 5 కిలోమీటర్ల పరుగు సమయం మెరుగుపడింది, కానీ నేలను తాకే బలాల్లోనూ కాళ్ల స్థిరత్వంలోనూ తేడా కనిపించలేదు. ఈ రెండూ కొద్దిమందితో చేసినవే, కొండల మీద చేసినవి కావు. బరువులతో చేసే స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు పరుగుకు ఖర్చయ్యే శక్తిని తగ్గిస్తాయనడానికి ఇంతకంటే చాలా బలమైన ఆధారాలున్నాయి. వారానికి మూడు గంటలే దొరికేవారు ఆ సమయాన్ని ముందు కాళ్లకు, తర్వాత కొండకు ఇవ్వాలని నా సలహా.

వెన్నుదన్ను

నేను ఫిజియోథెరపిస్టును, కొండపరుగు కూడా నాకు అలవాటే. పైన రాసిన ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, ఎందుకంటే ఒకరు దిగడం గురించి రాశారు, ఇంకొకరు ఎక్కడం గురించి రాశారు. కొండపరుగులో ఈ రెండూ శరీరం నుంచి వేర్వేరు పనులు కోరతాయి.

ఎక్కేటప్పుడు పాదం నేలను తాకే దెబ్బ తక్కువగా ఉంటుంది, కండరాలు కుంచించుకుంటూ పనిచేస్తాయి, భారమంతా గుండె మీదా ఊపిరితిత్తుల మీదా కాళ్ల మీదా పడుతుంది. దిగేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు సాగుతూనే బిగుసుకుని శరీరాన్ని ఆపవలసి ఉంటుంది, ఆ మర్నాడు మొదలై రెండుమూడు రోజులు వేధించే నొప్పికి కారణం అదే. 2005లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 9 డిగ్రీల వాలు దిగుతూ పరుగెత్తినప్పుడు పాదం తాకే తొలి దెబ్బ సమతలం కంటే 54 శాతం పెరిగింది, అదే వాలు ఎక్కేటప్పుడు 39 శాతం తగ్గింది. ప్రతి అడుగులోనూ వచ్చే అంత దెబ్బకు మొండెం ఊగకుండా, తుంటి జారకుండా పట్టి ఉంచాల్సింది కోర్ కండరాలు. కాబట్టి కోర్ వ్యాయామాల ఫలితం ముందుగా దిగుడులోనే తెలుస్తుంది. తొలిమలుపు గారు గమనించినది సరిగ్గా ఇదే.

కోర్ అంటే పొట్ట మీది పలకలు మాత్రమే కాదు. పొట్టను పట్టీలా చుట్టి ఉండే లోపలి పొర, పక్కల ఏటవాలు కండరాలు, వెన్నుపూసలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే చిన్న కండరాలు, కింద కటితలం (తుంటి ఎముకల అడుగున ఉండే కండరాల పొర), పైన ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరం), అన్నీ కలిస్తేనే కోర్. వెన్నునొప్పి లేనివారిలో కాలు గానీ చెయ్యి గానీ కదలడానికి క్షణకాలం ముందే పొట్ట లోపలి పొర బిగుసుకుంటుందని 1990లలో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్‌ల పరిశోధనలు చూపాయి. అంటే మనకు కావలసింది గట్టిదనం ఒక్కటే కాదు, సరైన క్షణంలో బిగుసుకునే నేర్పు కూడా.

ఎగువదారి గారి మూడు నిమిషాల ప్లాంక్ గురించి ఒక మాట చెప్పాలి. కదలకుండా ఉండడంలో ఆయన నిజంగా మెరుగుపడ్డారు, ఆ కష్టం వృథా పోలేదు. కానీ పరుగులో కాళ్లూ చేతులూ కదులుతుండగా, గట్టిగా ఊపిరి తీస్తుండగా మొండెం నిలకడగా ఉండాలి. దానికి డెడ్ బగ్ (వెల్లకిలా పడుకుని ఒక చెయ్యీ, దానికి ఎదురువైపు కాలూ నెమ్మదిగా చాచడం), బర్డ్ డాగ్ (చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి అలాగే చాచడం), సైడ్ ప్లాంక్ వంటివి దగ్గరగా ఉంటాయి. వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ కూడా నిమిషాల తరబడి పట్టి ఉంచడం కంటే, ఒక్కోసారి 10 సెకన్లకు మించకుండా ఎక్కువసార్లు చేయడాన్నే సూచిస్తారు.

మలిఊపిరి

ఊపిరి గురించి నాకు తెలిసినది రాస్తాను, ఎందుకంటే ప్రశ్నలోని ఆ భాగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉదరవితానానికి రెండు పనులు ఉంటాయి, ఊపిరి ఆడించడం ఒకటి, నడుముకు ఊతమివ్వడం ఇంకొకటి. నిటారు వాలు ఎక్కుతూ ఊపిరి అందనప్పుడు శరీరం మొదటి పనికే ప్రాధాన్యమిస్తుంది, నడుముకు ఊతం తగ్గుతుంది. నేను డెడ్ బగ్ చేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడిని. కాలు చాచుతూ నెమ్మదిగా గాలి వదలడం నేర్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. ఆ తర్వాతే ఎక్కుడులో నడుము ఒంగడం తగ్గింది. ముందుకు వాలవలసి వస్తే చీలమండల దగ్గర నుంచి శరీరమంతా ఒక్కటిగా వాలాలి, నడుము దగ్గర మడత పడకూడదు.

ఇంకొక చిన్న విషయం ఉంది. వీపున రెండు లీటర్ల నీళ్ల సంచీ వదులుగా ఊగుతుంటే ఎంత బలమైన నడుమైనా అలసిపోతుంది. ఛాతీ పట్టీలు బిగించుకోవడానికి పట్టేది పది సెకన్లు.

ఎగువదారి

అందరికీ కృతజ్ఞతలు. వెన్నుదన్ను గారూ, వీటిని వారానికి ఎన్నిసార్లు చేయాలి? పరుగుకు ముందా, తర్వాతా?

వెన్నుదన్ను

వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు చాలు. పెద్ద దిగుడు ఉన్న పరుగుకు ముందు మాత్రం వద్దు, అలసిన నడుముతో రాళ్ల దారి దిగడం ప్రమాదం. తేలికైన పరుగు రోజున, పరుగు తర్వాత చేయండి. మెట్టవాలు గారు చెప్పిన కాళ్ల వ్యాయామాలు వదిలిపెట్టవద్దు. ఒంటికాలి డెడ్‌లిఫ్టు, బరువుతో మెట్టెక్కడం లాంటివి కాళ్లకూ కోర్‌కూ ఒకేసారి పనిచెబుతాయి గనుక, సమయం తక్కువ ఉన్నవారు వాటితోనే మొదలుపెట్టడం మంచిది. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి వచ్చినా వ్యాయామం ఆపేసి వైద్యుడిని కలవండి.

మెట్టవాలు

ఈ మాటతో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం చేర్చుతాను. దిగడానికి అలవాటుపడే మార్గాల్లో దిగడాన్ని మించినది లేదు. ఒకసారి దిగి నొప్పులు పడిన తొడలు కొన్ని వారాల్లో మళ్లీ దిగినప్పుడు అంతగా దెబ్బతినవు. రెండు వారాలకు ఒకసారైనా పొడవైన దిగుడును నెమ్మదిగా పరుగెత్తండి.

ఎగువదారి

పది వారాల తర్వాత రాస్తున్నాను. ప్లాంక్ పూర్తిగా మానేశాను. డెడ్ బగ్, సైడ్ ప్లాంక్, ఒంటికాలి డెడ్‌లిఫ్టు వారానికి రెండుసార్లు, పొడవైన దిగుడు రెండు వారాలకోసారి చేశాను. నిన్న అదే 800 మీటర్ల ఎత్తు దారిలో వెళ్లాను. ఎక్కడానికి పట్టిన సమయం దాదాపు మునుపటంతే. దిగడానికి మాత్రం తొమ్మిది నిమిషాలు తక్కువ పట్టింది, అంతకంటే ముఖ్యంగా చివరి వరకూ అడుగు ఎక్కడ వేయాలనుకున్నానో అక్కడే పడింది. ఇందులో కోర్ వాటా ఎంతో, దిగుడు సాధన వాటా ఎంతో విడదీసి చెప్పలేను, ఎందుకంటే రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. ఎడమవైపు సైడ్ ప్లాంక్ ఇప్పటికీ కుడివైపుకంటే ముందే వణుకుతోంది. ఆ వైపు ఒక సెట్ అదనంగా చేయవచ్చా?

వెన్నుదన్ను

చేయవచ్చు. ముందు ఎడమవైపుతో మొదలుపెట్టండి, వణుకు మొదలైన వెంటనే ఆపేయండి, కుడివైపు కూడా అన్ని సెకన్లే చేయండి. నెల తర్వాత రెండు వైపులా ఎన్ని సెకన్లు నిలిచారో ఇక్కడ రాయండి.