మెడలో వెన్నుపాము నొక్కుకుందంట, నాయనకు ఆపరేషన్ చేయించాలా ఆగాలా?

ధర్మవరం నుంచి:
మా నాయనకు 61 ఏళ్లు. ఆరు నెలలుగా చొక్కా గుండీలు పెట్టుకోలేకున్నాడు, శనక్కాయలు ఒలవబోతే వేళ్లు మాట వినడం లేదంటాడు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. నొప్పి పెద్దగా లేదు, అందుకే వయసు వల్ల అనుకున్నాం. ఎమ్మారై చూసి, సీ4 నుంచి సీ6 దాకా, అంటే మెడలో నాలుగో ఎముక నుంచి ఆరో ఎముక దాకా వెన్నుపాము నొక్కుకుంది, ఆపరేషన్ చేయాలన్నారు. మెడ మీద కత్తి పెడితే మంచాన పడతాడని ఊర్లో అందరూ అంటున్నారు. నూనె పట్టించి మెడ సరిచేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోదామని పెదనాయన పట్టుబడుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

కర్నూలు నుంచి:
తమ్ముడూ, ఆ మెడ తిప్పించే పని మాత్రం వద్దు. వెన్నుపాముకు చోటే లేనప్పుడు మెడ గుంజితే ఉన్న పట్టు కూడా పోవచ్చు. మా ఆయనకు గొంతు ముందు వైపు నుంచి చేశారు, చెడిన డిస్కు తీసి ఆ చోట కేజ్ (ఎముకల మధ్య ఎడం నిలిపే చిన్న దిమ్మ) పెట్టి ప్లేటు బిగించారు. కొన్నాళ్లు మింగడం కష్టమైంది, గొంతు బొంగురుపోయింది, తర్వాత తగ్గింది. నడక కుదురుకుంది గానీ వేళ్ల తిమ్మిరి అలాగే ఉంది, ఎందుకంటే మేం భయపడి ఏడాది ఆగాం. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

కడప నుంచి, ఫిజియోథెరపిస్టును:
ఈ ఆపరేషన్ ముఖ్యంగా జబ్బు ముదరకుండా ఆపడానికి. పోయిన బలం చాలామందికి కొంత తిరిగొస్తుంది, ఎంత అనేది ముందే చెప్పలేం. చేతులు, కాళ్లు, స్పర్శ, మూత్రం చూసి 18కి స్కోరు వేస్తారు. 15 నుంచి 17 ఉంటే కొందరిని గమనిస్తూ ఆగొచ్చు, 14 లేదా అంతకన్నా తక్కువైతే ఆపరేషనే చెప్తారు, కాబట్టి స్కోరు ఎంతో అడుగు. ఇంకోటి, మీ వైపు చాలా ఊర్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో కొందరికి వెన్నుపాము ముందుండే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) ఎముకలా గట్టిపడుతుంది, అది సీటీ స్కాన్‌లో బాగా తెలుస్తుంది. అలా చాలా చోట్ల నొక్కుకుంటే తరచూ వెనక నుంచి చేస్తారు, ఎముకను తీసేసి గానీ తలుపులా తెరిచి గానీ. ఆ తర్వాత కొందరికి భుజం లేవదు, ఎక్కువమందికి నెలల్లో సర్దుకుంటుంది. మూత్రం పట్టు తప్పినా, నడక ఒక్కసారిగా పాడైనా తెల్లారేదాకా ఆగొద్దు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడుగు.

ధర్మవరం నుంచి:
అడిగాను, 13 అన్నారు. సోమవారం సీటీ. అక్క రాసింది పెదనాయనకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు గానీ నూనె మాట మళ్లీ ఎత్తలేదు.